డూమ్ 2 షార్ట్‌కట్: కొన్ని ఆప్షన్లు పనిచేస్తున్నాయి, కొన్నిటిని ఆట అసలు పట్టించుకోవట్లేదు

వరండా_గేమర్ అడిగారు:

విండోస్ 11, చాకొలెట్ డూమ్ (పాత డూమ్ ఆటల్ని ఇప్పటి కంప్యూటర్లలో నడిపే ఇంజన్). డూమ్ 2 కొన్నదే, డూమ్2.వాడ్ ఉంది (వాడ్ అంటే ఆట మ్యాపులు, బొమ్మలు, సౌండ్లు ఉండే ఫైలు). దాని మీద రెండు ఫైళ్లు వేసి ఆడాలి. కోట.వాడ్‌లో కొత్త మ్యాపులు ఉన్నాయి, బొమ్మలు.వాడ్‌లో రాక్షసుల కొత్త రూపాలు ఉన్నాయి. షార్ట్‌కట్ నొక్కగానే మెనూ లేకుండా నేరుగా 7వ మ్యాపు, అల్ట్రా వయొలెన్స్ కష్టం, మ్యూజిక్ ఆపేసి, విండోలో తెరుచుకోవాలి.

షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడిలో ఉన్న లైను ఇది. ఇక్కడ తెలుగు లిపిలో రాశాను, గడిలో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే:

"సి:\గేమ్స్\డూమ్\చాకొలెట్-డూమ్.ఈఎక్స్‌ఈ" -ఐవాడ్ డూమ్2.వాడ్ -ఫైల్ కోట.వాడ్ -ఫైల్ బొమ్మలు.వాడ్ -వార్ప్ 1 7 -స్కిల్ 4 -నో మ్యూజిక్ –విండో -కాంప్‌లెవెల్ 2

జరుగుతున్నది: కోట మ్యాపులు వస్తున్నాయి, కష్టం కూడా సరిగ్గానే ఉంది. కానీ 7 బదులు 1వ మ్యాపు తెరుచుకుంటోంది, రాక్షసులు పాత రూపాల్లోనే ఉన్నారు, మ్యూజిక్ మోగుతోంది, తెర నిండా తెరుచుకుంటోంది. ఎర్రర్ మాత్రం ఒక్కటీ లేదు. ఎక్కడ తప్పు?

---

వాడ్‌పట్టీ:

ఎర్రర్ రాకపోవడమే ఇక్కడ అసలు విషయం. డూమ్ ఇంజన్ మీ లైనును మొదటి నుంచి చివరిదాకా చదివి అర్థం చేసుకోదు. ఆప్షన్లన్నీ ఒక పట్టీలో పెట్టుకుంటుంది. ఏదైనా పని మొదలుపెట్టే ముందు "ఈ మాట పట్టీలో ఉందా?" అని ఎడమ నుంచి కుడికి వెతుకుతుంది, మొదటిసారి కనబడిన చోటే ఆగిపోతుంది. 1997 డిసెంబరులో బయటపెట్టిన సోర్సులో దీనికి ఒక చిన్న ఫంక్షన్ ఉంది, చాకొలెట్ డూమ్ దాదాపు అదే పద్ధతి పాటిస్తుంది. కాబట్టి ఇంజన్ ఎన్నడూ వెతకని మాట మీరు రాస్తే దాన్ని ఎవరూ చూడరు, ఎవరూ ఫిర్యాదు చేయరు. పెద్దక్షరాలా చిన్నక్షరాలా అన్నది పట్టింపు లేదు, స్పెల్లింగు మాత్రం అక్షరం తప్పకూడదు.

ఇక మీ లైను.

-ఫైల్ రెండుసార్లు రాశారు. ఇంజన్ మొదటి -ఫైల్ దగ్గర ఆగి, దాని తర్వాత ఉన్న పేర్లను వరసగా తీసుకుంటుంది. మైనస్ గుర్తుతో మొదలయ్యే మాట రాగానే ఆపేస్తుంది. రెండో -ఫైల్ దాకా అది రానే రాదు, బొమ్మలు.వాడ్ అసలు లోడే కాలేదు. ఎన్ని ఫైళ్లున్నా ఒకే -ఫైల్ రాసి పేర్లు పక్కపక్కన ఖాళీతో ఇవ్వాలి. ఒకే పేరుతో ఉన్న లంప్ (వాడ్ లోపలి ఒక్కో ముక్క) రెండు ఫైళ్లలోనూ ఉంటే తర్వాత రాసిన ఫైలుదే గెలుపు, ఎందుకంటే లంప్ కోసం వెతికేటప్పుడు ఇంజన్ చివరి నుంచి వెనక్కి చూస్తుంది.

ఇది సరిచేసినా మీ బొమ్మల ఫైలు -ఫైల్‌తో సరిగ్గా రాదు. రాక్షసుల స్ప్రైట్లన్నీ, అంటే వాటి రూపాల బొమ్మలన్నీ, ఒకే చోట, ఒక మొదలు గుర్తుకీ ఒక ముగింపు గుర్తుకీ మధ్య ఉంటాయని అసలు డూమ్ నమ్మకం. వేరే ఫైలులో ఉన్న స్ప్రైట్లు ఆ హద్దు బయట పడతాయి. నేల, పైకప్పు టెక్స్‌చర్లదీ ఇదే కథ. డాస్ కాలంలో దీనికోసం వేరే టూలు వాడి రెండు వాడ్‌లను కలిపేవారు. చాకొలెట్ డూమ్‌లో ఆ కలిపే పని -మెర్జ్ చేస్తుంది. మ్యాపులు -ఫైల్‌కి, స్ప్రైట్లు -మెర్జ్‌కి. బొమ్మలు.వాడ్‌తోపాటు .డీఈహెచ్ ఫైలు (రాక్షసుల ప్రాణబలం లాంటి ఆట లెక్కలు మార్చే ప్యాచ్) ఏదైనా వచ్చి ఉంటే -డెహ్ తర్వాత దాని పేరు ఇవ్వండి. ఆ ప్యాచ్ వాడ్ లోపలే దాగి ఉంటే చాకొలెట్ డూమ్ తనంతట తాను చదవదు, -డెహ్‌లంప్ అని చేర్చాలి.

-వార్ప్ 1 7 అనేది డూమ్ 1 పద్ధతి. అందులో మొదటి అంకె ఎపిసోడ్, రెండోది మ్యాపు. డూమ్ 2లో ఎపిసోడ్లు లేవు, 32 మ్యాపులూ ఒకే వరస. ఇంజన్ 1 చదివి మొదటి మ్యాపుకి పోయింది, 7ని వదిలేసింది. -వార్ప్ 7 చాలు.

-నోమ్యూజిక్ కలిపి ఒకే మాటగా రాయాలి. సౌండ్లు కూడా వద్దంటే -నోసౌండ్, సౌండ్లు ఆపి మ్యూజిక్ ఉంచాలంటే -నోఎస్ఎఫ్ఎక్స్.

-కాంప్‌లెవెల్ చాకొలెట్ డూమ్‌కి తెలియని మాట. పాత ఏ ఇంజన్‌లా ప్రవర్తించాలో చెప్పే ఆ ఆప్షన్ ప్రబూమ్ ప్లస్, డీఎస్‌డీఏ-డూమ్ అనే వేరే ఇంజన్ల కుటుంబానిది. ఉన్నా నష్టం లేదు, తీసేయండి. పాత వెర్షన్‌లా ప్రవర్తించాలంటే ఇక్కడ -గేమ్‌వెర్షన్ ఉంది, 1.9 గానీ 1.666 గానీ ఇవ్వొచ్చు.

మొత్తం కలిపితే, ఈఎక్స్‌ఈ తర్వాత:

-ఐవాడ్ డూమ్2.వాడ్ -మెర్జ్ బొమ్మలు.వాడ్ -ఫైల్ కోట.వాడ్ -వార్ప్ 7 -స్కిల్ 4 -నోమ్యూజిక్ -విండో

-వార్ప్ ఇచ్చి -స్కిల్ ఇవ్వకపోతే 3, అంటే మధ్యస్థ కష్టం. -వార్ప్ లేకుండా -స్కిల్ ఒక్కటే ఇచ్చినా మెనూ రాదు, మొదటి మ్యాపు మొదలైపోతుంది.

---

బ్యాచ్_మాస్టర్:

పైన చెప్పింది కరెక్టే, గానీ మీ –విండో ఎందుకు పని చెయ్యలేదో చెప్పలేదు. మీ పోస్టు దగ్గర పెట్టి చూడండి: మిగతా ఆప్షన్ల ముందు ఉన్న గీత కంటే దాని ముందు గీత కొంచెం పొడుగున్నది. వర్డ్‌లోనో, ఫోన్ చాట్‌లోనో రాసి కాపీ చేస్తే మైనస్ గుర్తు పొడుగు గీతగా మారిపోతది. కంటికి ఒకటే, ఇంజన్‌కు వేరే అక్షరం. అదే తప్పు -ఫైల్ పేర్ల తర్వాత జరిగితే ఇంకా చిత్రంగా ఉంటది: మైనస్ కనబడక ఇంజన్ దాన్ని కూడా ఇంకో వాడ్ పేరు అనుకొని తెరవబోతది. డబుల్ కోట్స్ కూడా అట్లనే వంకర కోట్స్ అయితయి. నోట్‌ప్యాడ్‌లో చేతితో టైప్ చేసుడే మేలు.

షార్ట్‌కట్ సంగతి. టార్గెట్ గడిలో కోట్స్ ఈఎక్స్‌ఈ దారికి మాత్రమే, ఆప్షన్లు కోట్స్ బయట, మధ్యలో ఒక ఖాళీ. ఆప్షన్లు కూడా కోట్స్ లోపల పెడితే టార్గెట్ పేరు చెల్లదని విండోస్ సేవ్ చెయ్యనియ్యదు. దాని కింద స్టార్ట్ ఇన్ గడి ఉంటది, అది ఖాళీగా వదలకండి. దారి లేకుండా ఒట్టి కోట.వాడ్ అని రాస్తే ముందుగా ఆ ఫోల్డరులోనే చూస్తది. మీకైతే సి:\గేమ్స్\డూమ్ అని ఉండాలె.

ఫోల్డరు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోండి. విండోస్‌లో తెలుగుకు పాత పద్ధతి ఆన్సీ కోడ్‌పేజీ అంటూ ఏదీ లేదు, యూనికోడ్ ఒక్కటే దారి. పాత పద్ధతిలో ఫైళ్లు తెరిచే ఇంజన్‌కు తెలుగు పేరున్న ఫోల్డరు ఇస్తే అక్షరాల జాగాల ప్రశ్న గుర్తులు పోతయి, ఫైలు దొరకదు. విండోస్ యూజర్ పేరు తెలుగులో ఉన్నోళ్లకు డాక్యుమెంట్స్‌ల పెట్టినా ఇదే తంటా. అందుకే సి డ్రైవు మీద నేరుగా ఫోల్డరు చేసుకుంటే గొడవ లేదు.

టార్గెట్ గడి సుమారు 260 అక్షరాల దగ్గర ఆగిపోతది. నాలుగైదు వాడ్‌లు పూర్తి దారులతో రాస్తే నిండిపోతది. అప్పుడు బ్యాచ్ ఫైలు రాయండి, రెండు లైన్లు చాలు:

సీడీ /డీ "%~డీపీ0"
స్టార్ట్ "" చాకొలెట్-డూమ్.ఈఎక్స్‌ఈ -ఐవాడ్ డూమ్2.వాడ్ -మెర్జ్ బొమ్మలు.వాడ్ -ఫైల్ కోట.వాడ్ -వార్ప్ 7 -స్కిల్ 4

మొదటి లైను, బ్యాచ్ ఫైలు ఏ ఫోల్డరులో ఉంటే ఆ ఫోల్డరుకే పోతది (పర్సంటు, టిల్డె, డీ, పీ, సున్నా). అప్పుడు ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి మార్చినా నడుస్తది. రెండో లైనులో స్టార్ట్ తర్వాత ఖాళీ కోట్స్ ఊరికే లేవు. స్టార్ట్ కమాండ్ మొదట కనబడిన కోట్స్‌ను విండో టైటిల్ అనుకుంటది. ఖాళీ కోట్స్ లేకుండా "సి:\..." అని మొదలుపెడితే ఆ దారి టైటిల్ అయి కూర్చుంటది, ఆట తెరుచుకోదు.

సేవ్ చేసేటప్పుడు పేరు చివర .బ్యాట్ ఉన్నదో లేదో చూడండి. నోట్‌ప్యాడ్ దాన్ని .బ్యాట్.టీఎక్స్‌టీ చేస్తది, విండోస్ ఆ టీఎక్స్‌టీని దాచిపెడతది. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తే అసలు పేరు కనబడతది.

---

నీలితెర:

ఇంత గోల ఎందుకు, జీజెడ్‌డూమ్ అనే ఇంకో ఇంజన్ పెట్టుకోండి. స్ప్రైట్లు వాటంతట అవే కలుస్తాయి, -మెర్జ్ అక్కర్లేదు. దానిలో ప్లస్ గుర్తు కూడా ఉంది. మైనస్‌తో ఇచ్చేవి ఇంజన్ ఆప్షన్లు, ప్లస్‌తో ఇచ్చేవి ఆట లోపల కన్సోల్‌లో టైప్ చేసే కమాండ్లు. +మ్యాప్ మ్యాప్07 అంటే 7వ మ్యాపు.

---

వాడ్‌పట్టీ:

హాయిగా ఆడుకోవడానికి జీజెడ్‌డూమ్ బాగానే ఉంటుంది, కాదనను. కానీ అసలు డూమ్ 1.9లో రికార్డ్ చేసిన డెమోలు (ఆట రికార్డింగులు) దానిలో నడవవు. 1990ల నాటి ఆట ఎలా ఉండేదో అలాగే కావాలనుకునేవారు చాకొలెట్ డూమ్ ఎంచుకుంటారు. అడిగిన ఆయన దాన్నే వాడుతున్నారు కాబట్టి దాని సంగతే చూద్దాం.

---

వరండా_గేమర్:

గీత మార్చగానే విండో వచ్చింది, -మెర్జ్‌తో రాక్షసులూ మారారు. ఇద్దరికీ థ్యాంక్స్. ఇంకో మూడు. ఒకటి, నేను వేగంగా పరుగెత్తాలని -ఫాస్ట్ పెట్టాను, చావడం ఎక్కువైంది. రెండు, ఆట రికార్డ్ చేయాలి. మూడు, ఇంట్లో వైఫై మీద రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య కలిసి ఆడాలి. మళ్లీ ఒక్కో షార్ట్‌కట్‌కి వేరే సెట్టింగులు ఉంచుకోవడం ఎలా?

---

వాడ్‌పట్టీ:

-ఫాస్ట్ వేగం పెంచేది రాక్షసులకి :) నైట్‌మేర్ కష్టంలో ఉండే చురుకు వాటికి వస్తుంది, వాటి అగ్గిగుండ్లు కూడా వేగంగా వస్తాయి. మీ పరుగు పెంచేది -టర్బో. అంకె లేకుండా ఇస్తే 200 శాతం, అంకె ఇస్తే 10 నుంచి 400 దాకా. -రెస్పాన్ చచ్చిన రాక్షసుల్ని లేపుతుంది, కనీసం 12 సెకన్లు గడిచాకే. మ్యాపు చూసి దారులు నేర్చుకోవడానికి -నోమాన్‌స్టర్స్ మంచిది.

రికార్డింగు. పై లైనుకి -రికార్డ్ పరుగు1 అని చేర్చండి. .ఎల్ఎంపీ అదే తగిలించుకుంటుంది, మీరు రాయొద్దు. చాకొలెట్ డూమ్‌లో అదే పేరు మళ్లీ ఇస్తే పాతదాని మీద రాసేస్తుంది. ఆపడానికి క్యూ కీ. చూడటానికి -రికార్డ్ స్థానంలో -ప్లేడెమో పరుగు1. అప్పుడు -వార్ప్, -స్కిల్, -ఫాస్ట్ ఇవ్వక్కర్లేదు, అవి డెమో మొదట్లోనే రాసి ఉంటాయి. వాడ్‌లు మాత్రం అందులో ఉండవు, -ఐవాడ్, -ఫైల్, -మెర్జ్, -డెహ్ అన్నీ రికార్డ్ చేసినప్పుడు ఉన్నట్టే ఇవ్వాలి. డెమో వీడియో కాదు. సెకనుకి 35 టిక్కులు, ప్రతి టిక్కుకీ మీరు ఎటు కదిలారు, ఎటు తిరిగారు, ఏం నొక్కారు అనే 4 బైట్లు, అంతే. మిగతాదంతా ఇంజన్ మళ్లీ లెక్కగడుతుంది. ఒక్క రాక్షసుడి ప్రాణబలం తేడాగా ఉన్నా లెక్క తప్పి, మీ మనిషి గోడకి గుద్దుకుంటూ నిలబడటం చూస్తారు.

పొడుగు ఆటలకి ఒక చిక్కు ఉంది. అసలు డూమ్ డెమోకి 128 కేబీ మాత్రమే కేటాయిస్తుంది. ఒక్కరే ఆడితే సెకనుకి 140 బైట్లు, అంటే 15 నిమిషాలు దాటాక కాసేపటికే రికార్డింగు ముగించి ఆట మూసేస్తుంది. చాకొలెట్ డూమ్ ఆ హద్దును కూడా నిజాయితీగా పాటిస్తుంది. -మ్యాక్స్‌డెమో 512 అంటే 512 కేబీ, గంట దాటి సరిపోతుంది.

సెట్టింగులకి చాకొలెట్ డూమ్‌లో రెండు ఫైళ్లు: డిఫాల్ట్.సీఎఫ్‌జీలో అసలు డూమ్ సెట్టింగులు, చాకొలెట్-డూమ్.సీఎఫ్‌జీలో తెర సైజు లాంటి అదనపువి. షార్ట్‌కట్‌కి ఒక జత ఉంచుకోవాలంటే -కాన్ఫిగ్ కోట.సీఎఫ్‌జీ -ఎక్స్‌ట్రాకాన్ఫిగ్ కోట2.సీఎఫ్‌జీ అని రెండూ ఇవ్వండి. ఒక్క -కాన్ఫిగ్ మార్చి, తెర సెట్టింగులు అన్ని షార్ట్‌కట్లలోనూ కలిసి మారుతున్నాయని తల పట్టుకునేవాళ్లు చాలామంది. ఆ ఫైళ్లు ముందే ఉండక్కర్లేదు. ఆట మూసేటప్పుడు అదే రాసుకుంటుంది. అందుకే ఆట నడుస్తుండగా కాన్ఫిగ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో మార్చొద్దు, మూయగానే మీ మార్పు పోతుంది.

---

బ్యాచ్_మాస్టర్:

వైఫై ఆటకు నేను చెప్తా. రెండు ల్యాప్‌టాప్‌లలో చాకొలెట్ డూమ్ ఒకే వెర్షన్, వాడ్ ఫైళ్లు కూడా అవే ఉండాలె.

ఒకదాంట్లో: ... -ఫైల్ కోట.వాడ్ -ప్రైవేట్‌సర్వర్ -నోడ్స్ 2 -వార్ప్ 7 -స్కిల్ 4
రెండోదాంట్లో: ... -ఫైల్ కోట.వాడ్ -కనెక్ట్ 192.168.1.5

ఆ అంకెలు మొదటి ల్యాప్‌టాప్ ఐపీవి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే వైఫై అడాప్టర్ కింద ఐపీవీ4 దగ్గర ఉంటది. రెండూ ఒకే రూటర్ మీద ఉంటే -కనెక్ట్ బదులు -ఆటోజాయిన్ పెట్టినా సర్వర్‌ను వెతుక్కుంటది. -సర్వర్ అని కూడా ఉన్నది, అది ఇంటర్నెట్ లిస్టుకు పేరు పంపుతది. ఇంట్లో ఆటకు -ప్రైవేట్‌సర్వర్ చాలు. -నోడ్స్ 2 అంటే ఇద్దరు కలవంగనే ఆట దానంతట అదే మొదలైతది. మ్యాపు, కష్టం మొదటి ల్యాప్‌టాప్ ఇచ్చినవే నడుస్తయి, రెండోదాంట్లో రాసినా లెక్కలోకి రావు. వాడ్‌లు మాత్రం ఎవరివి వాళ్లే లోడ్ చెయ్యాలె. తేడా ఉంటే ఎదురుచూసే తెర మీదనే హెచ్చరిక వస్తది, దాన్ని పట్టించుకోకుండ ముందుకు పోతే మధ్యల ఆట ఎవరిది వాళ్లకు అయితది.

కలవకపోతే తొంభై శాతం ఫైర్‌వాలే. మొదటిసారి నడిపినప్పుడు విండోస్ అడిగే పెట్టెలో ప్రైవేట్ నెట్‌వర్క్స్ మీద టిక్ పెట్టి అలౌ కొట్టాలె. పోర్టు 2342, యూడీపీ. వైఫైని విండోస్ పబ్లిక్ నెట్‌వర్క్ అని గుర్తుపెట్టుకుంటే ఆ టిక్ పని చెయ్యదు, వైఫై ప్రాపర్టీస్‌లో ప్రైవేట్ చెయ్యండి.

ఏం పెట్టకపోతే ఇద్దరు కలిసి రాక్షసులతోటి కొట్లాడుతరు. ఒకరినొకరు కొట్టుకోవాలంటే -డెత్‌మ్యాచ్. -ఆల్ట్‌డెత్ ఇంకో రకం, తీసుకున్న వస్తువులు 30 సెకన్లకు మళ్లా పుడతయి. -టైమర్ 10 అంటే మ్యాపు 10 నిమిషాలే, కానీ డెత్‌మ్యాచ్ లేకుండ అది పని చెయ్యదు.

---

పెంగ్విన్_పక్షం:

లైనక్స్ వాళ్లకి నాలుగు ముక్కలు, పైన రానివి.

ఫైలు పేర్లలో పెద్దక్షరం చిన్నక్షరం తేడా ఉంటుంది. పాత సీడీ నుంచి తెచ్చిన వాడ్ పేరు మొత్తం పెద్దక్షరాల్లో ఉంటే అలాగే రాయడం మేలు. వాడ్‌లన్నీ ఒకే ఫోల్డరులో పెట్టి డూమ్‌వాడ్‌డిర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి ఆ దారి ఇస్తే, -ఐవాడ్ తర్వాత పూర్తి దారి రాసే పని తప్పుతుంది. టర్మినల్ నుంచి నడిపితే మొదట్లో లోడ్ అయిన ప్రతి వాడ్‌కీ ఒక లైను ప్రింట్ అవుతుంది. మీ ఫైలు ఆ వరసలో లేకపోతే ఆప్షన్ తప్పు, ఉంటే ఫైలు తప్పు.

మ్యాపు మొదలవగానే విజ్‌ప్లేన్లు (తెర మీద ఒకేసారి గీసే నేల, పైకప్పు ముక్కలు) అయిపోయాయని చెప్పి ఆట మూతపడితే అది మీ ఆప్షన్ల తప్పు కాదు. అసలు డూమ్ హద్దు 128 విజ్‌ప్లేన్లు, చాకొలెట్ డూమ్ కావాలనే దాన్ని అలాగే ఉంచింది. 2015 నాటి సన్‌లస్ట్ లాంటివి బూమ్ అనే, హద్దులు పెంచిన ఇంజన్ కోసం కట్టిన మ్యాపులు, వాటికి డీఎస్‌డీఏ-డూమ్ తీసుకోండి. అడిగిన ఆయన రాసిన -కాంప్‌లెవెల్ పనికొచ్చేది అక్కడే: 2 అంటే డూమ్ 2, 3 అంటే అల్టిమేట్ డూమ్, 4 అంటే ఫైనల్ డూమ్, 9 బూమ్, 11 ఎంబీఎఫ్, 21 ఎంబీఎఫ్21 (ఈ చివరి రెండూ బూమ్ నుంచి పెరిగినవి). ఏది పెట్టాలో వాడ్‌తో వచ్చే టెక్స్ట్ ఫైలులో ఉంటుంది. కొత్త వాడ్‌లలో కొన్నిటి లోపలే ఆ సమాచారం లంప్‌గా ఉంటుంది, డీఎస్‌డీఏ దాన్ని చదువుకుంటుంది. బూమ్ మ్యాపుకి 2 పెడితే మ్యాపు తెరుచుకుంటుంది, కానీ తలుపులో లిఫ్టులో కొన్ని కదలవు, మధ్యలో ఇరుక్కుపోతారు.

డూమ్ కొనని వాళ్లు ఉచితంగా దొరికే ఫ్రీడూమ్ దింపుకోవచ్చు, -ఐవాడ్ ఫ్రీడూమ్2.వాడ్. షేర్‌వేర్ డూమ్1.వాడ్ మీద -ఫైల్ వేయాలని చూడకండి, రిజిస్టర్ చేసుకోమని చెప్పి ఆట మూసుకుంటుంది.

---

వరండా_గేమర్:

రెండు ల్యాప్‌టాప్‌లూ కలిశాయి, పబ్లిక్ నెట్‌వర్కే అడ్డం. ఒక్క చివరి సందేహం: ఆప్షన్లన్నీ ఒక ఫైలులో రాసి ఆ ఫైలు పేరు ఇవ్వొచ్చని ఎక్కడో చదివాను. పవర్‌షెల్‌లో @కోట.టీఎక్స్‌టీ అని ఇస్తే ఏమీ అవట్లేదు.

---

బ్యాచ్_మాస్టర్:

ఇవ్వొచ్చు, దాన్ని రెస్పాన్స్ ఫైలు అంటరు. డాస్‌లో కమాండ్ లైను 127 అక్షరాలు దాటకపోయేది, అందుకని పెట్టిండ్రు. ఫైలులో ఒక్కో ఆప్షన్ ఒక్కో లైనులో రాసుకోవచ్చు, పేరులో ఖాళీ ఉన్న దారిని డబుల్ కోట్స్‌లో పెట్టాలె.

తేడా పవర్‌షెల్‌ది. దానికి @ గుర్తుకు సొంత అర్థం ఉన్నది, మీ ఫైలు పేరు ఆట దాకా చేరదు. సింగిల్ కోట్స్‌లో పెట్టండి:

.\చాకొలెట్-డూమ్.ఈఎక్స్‌ఈ '@కోట.టీఎక్స్‌టీ'

ముందు చుక్క, వెనక్కి వంగిన గీత కూడా ఉండాలె. అవి లేకుంటే పవర్‌షెల్ ఉన్న ఫోల్డరులోని ప్రోగ్రామును నడపదు. పాత కమాండ్ ప్రాంప్ట్‌లో, బ్యాచ్ ఫైలులో అయితే కోట్స్ లేకుండ @కోట.టీఎక్స్‌టీ నడుస్తది. కానీ అక్కడ దాన్ని లైను మొదట్లో పెట్టకండి. బ్యాచ్‌లో లైను మొదట @ ఉంటే ఆ లైనును తెర మీద చూపించొద్దని అర్థం. ఈఎక్స్‌ఈ పేరు ముందు, @ తర్వాత.